గడప చెక్కతో పీట

మొన్న రోహిణి కార్తెలో అమ్మ పీటను తిరగేసి, స్టీలు స్కేలు పెట్టి వెడల్పు కొలిచాను. 299 మిల్లీమీటర్లు. కిందటి శ్రావణంలో అదే గీత దగ్గర కొలిస్తే 301.5 వచ్చింది. పీట అడుగున పెన్సిలుతో తేదీ వేసి, పాత అంకె కింద కొత్త అంకె రాశాను. అతుకు పొడవునా వేలిగోరు పెట్టి లాగి చూశాను. ఎక్కడా తగలలేదు. పగులు లేదు. ఆ రోజంతా నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన మొదటి పీట సంగతి చెప్పాలి.

మేముండేది కాకినాడలో, రెండో అంతస్తులో. బ్యాంకు ఉద్యోగం. ఆదివారాలు బాల్కనీలో చెక్కపని చేసుకుంటాను. బాల్కనీ ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అందులో ఒక బరువైన మామిడి చెక్క బల్ల, చెక్కను కదలకుండా పట్టి ఉంచడానికి దానికి బిగించిన బెంచి వైస్, గోడకు వరసగా ఉలులు, రెండు రంపాలు, చెక్కను పొట్టు తీసి నునుపు చేసే చిత్రికలు రెండు, మూలమట్టం, బెజ్జాలు వేసే చేతి బరమా ఒకటి. కరెంటుతో నడిచే పనిముట్లు పెట్టుకోలేదు. కింది ఇంట్లో ఒక పెద్దాయన మధ్యాహ్నం పడుకుంటారు. పైగా చిత్రిక చప్పుడు నాకు ఇష్టం.

మొదటి పీట మూడేళ్ళ కిందట, మంచి ముసురులో చేశాను. టింబర్ డిపోలో కొన్న కొత్త టేకు పలకలు రెండు పక్కపక్కన అతికించి, అడుగున రెండు అడ్డపట్టీలు వేశాను. ఒక్కో పట్టీకి నిండుగా ఫెవికాల్ పూసి, పైగా ఆరేసి స్క్రూలు బిగించాను. ఎంత గట్టిగా బిగిస్తే అంత కాలం నిలుస్తుందని నా నమ్మకం. ఆ శీతాకాలమంతా అమ్మ దాని మీదే కూర్చుని కూరలు తరిగింది. మే నెలలో ఒక రాత్రి వంటింట్లోంచి టపీమని చప్పుడు వచ్చింది. గిన్నె పడిందేమోనని లేచి చూస్తే ఏమీ లేదు. తెల్లవారాక చూశాను. పీట ఒక కొస నుంచి 17 సెంటీమీటర్ల మేర చీలింది. సందులో కందిపప్పు బద్ద దూరుతుంది. చీలింది అతుకు దగ్గర కాదు, అతుకు పక్కన, చక్కటి చెక్కలో. బంక పట్టు నిలిచింది, చెక్కే ఓడిపోయింది.

కారణం మనందరికీ తెలిసినదే. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోయి భుజంతో నెట్టాల్సి వస్తుంది. ఎండాకాలంలో అవే తలుపులు వదులై గాలికి కొట్టుకుంటాయి. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, వదిలేసి ముడుచుకుంటుంది. గాలిలో తేమ 80 శాతం దగ్గర చాలాకాలం ఉంటే చెక్కలో తేమ దాదాపు 16 శాతానికి చేరుతుంది. గాలిలో తేమ 50 శాతానికి దిగితే చెక్కలో 9 దగ్గర ఆగుతుంది. అసలు కిటుకు ఈ కదలిక ఏ దిక్కున జరుగుతుందన్న దాంట్లో ఉంది. చెట్టు నిలువునా పెరిగిన దిక్కులో, అంటే నారల పొడవునా, చెక్క దాదాపుగా కదలదు. అడ్డంగా మాత్రం బాగా కదులుతుంది. ఆ అడ్డంలోనూ మాను చుట్టుకొలత వెంట కదిలేది, నడిబొడ్డు నుంచి బెరడు వైపు కదిలేదానికి సుమారు రెండింతలు. అడుగు వెడల్పు టేకు పలక ముసురుకూ ఎండకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ముడుచుకోవచ్చు.

నా మొదటి పీటలో పై పలక అడ్డంగా ముడుచుకోవాలని చూసింది. అడుగున ఉన్న పట్టీల నారలు ఆ అడ్డానికే బారుగా ఉన్నాయి. అవి వెంట్రుకవాసి కూడా జరగవు. మధ్యలో పన్నెండు స్క్రూలు. ఇక పలకకు చీలడం తప్ప దారి లేదు.

దీన్ని నాకు నారలు చూపించి మరీ విడమరచి చెప్పింది కోనసీమలో మా ఊరి వడ్రంగి తాత. తాతయ్య కట్టించిన ఇల్లు రెండేళ్ళ కిందట పడగొట్టారు. అందరూ పెంకులకూ దూలాలకూ లెక్కలు కట్టుకుంటుంటే నేను సింహద్వారం గడప అడిగి తీసుకున్నాను. 122 సెంటీమీటర్ల పొడవు, పదిహేనున్నర వెడల్పు, ఏడున్నర మందం. తొమ్మిది కిలోలకు పైనే తూగింది. ఎనభై ఏళ్ళ టేకు. అంతా చేవే, అంటే మాను నడిమి గట్టి కర్రే. బెరడు పక్కన ఉండే తెల్లకర్ర ఒక్క మూల కూడా లేదు. మధ్యలో గుంట. ఇంట్లో వాళ్ళం గడప తొక్కకుండా దాటేవాళ్ళమే, అయినా వచ్చేపోయే కాళ్ళూ, ఈడ్చుకెళ్ళిన ధాన్యం బస్తాలూ కలిసి సెంటీమీటరు లోతు అరగదీశాయి. పగుళ్ళలో శుక్రవారాల పసుపు గట్టిపడి కూరుకుపోయి ఉంది.

చీలిన పీటను కూడా కారులో వేసుకుని వెళ్ళాను. వడ్రంగి తాత దాన్ని తిరగేసి, స్క్రూలు లెక్కపెట్టి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “అమ్మాయిగారూ, కర్ర నరికి ఎనభై ఏళ్ళయినా దానికి వాన తెలుస్తుంది, ఎండ తెలుస్తుంది. మీరు దాన్ని కట్టేశారు. బిగించండి, వద్దనను. కదిలే వైపు వదిలి బిగించండి.”

పడగొట్టిన ఇంటి తలుపులు అక్కడే గోడకు ఆనించి ఉన్నాయి. ఒక తలుపు దగ్గరకు తీసుకెళ్ళి, చట్రంలోని పలకను అరచేత్తో నొక్కి కదిపాడు. పలక కొద్దిగా ఆడింది. ఆ తలుపును నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, పలక వదులైందనే అనుకున్నాను. కాదట. చట్రానికి లోపల గాడి తీసి, పలక అంచులు అందులో దించి, బంక పెట్టకుండా వదిలేస్తారు. ముసురులో పలక గాడిలోకి ఉబ్బుతుంది, ఎండలో వెనక్కి వస్తుంది. చట్రం కొలత మారదు, తలుపు చీలదు. పూర్వం ఎండాకాలంలో బండి చక్రాలు కాలవలో నానబెట్టేవారు. ఎండకు ముడుచుకున్న చక్రం చెక్క మళ్ళీ ఉబ్బి ఇనుప పట్టాలో బిగుసుకోవడానికే కదా. ఊరంతటికీ తెలిసిన విద్యే.

గడపను కోయడానికి అమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు. “కాలు తగిలితే కళ్ళకద్దుకోమని పెంచారు మమ్మల్ని. ఇప్పుడు దాని మీద కూర్చోమంటావా?” అంది. నా దగ్గర జవాబు లేదు. అమ్మ మాట కాదనలేను, ఆ చెక్కను స్టోర్ రూములో చెదలకు వదిలేయనూ లేను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మందాన్ని మూడు పలకలుగా కోయిస్తాను. పసుపు రాసిన పై పలకను ముట్టుకోను. లోపలి రెండు పలకలతోనే పీట చేస్తాను. అమ్మ రెండు రోజులు ఆలోచించి సరేనంది. కోతకు ముందు గడపకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తనే దండం పెట్టుకుంది.

సామిల్లు వాళ్ళు పాత కర్ర అంటే భయపడతారు. లోపల మేకు ఉంటే బ్యాండు రంపం పళ్ళు పోతాయి. అందుకని ముందురోజు రాత్రి అయస్కాంతానికి దారం కట్టి గడప మీద అంగుళం అంగుళం తిప్పాను. రెండు చోట్ల దారం ఒరిగింది. అక్కడ చెక్క చుట్టూ నల్లటి మచ్చ కూడా ఉంది. తడి తగిలినప్పుడు ఇనుముకు టేకు అలా నల్లబడుతుంది. ఉలితో తవ్వి తీస్తే రెండు మేకులు, చేత్తో చేసిన నలుపలకల మేకులు, వచ్చాయి. డబ్బాలో దాచాను.

పలకలు వచ్చాక మూడు వారాలు బాల్కనీలో మధ్య మధ్య పుల్లలు పెట్టి దొంతరగా ఉంచాను. పాత కర్రే అయినా, కొత్తగా తెరుచుకున్న ముఖాలకు మన గాలి అలవాటు కావాలి. ఒక పలక కొద్దిగా వంగింది. వంగనివ్వాలి. చిత్రిక పట్టాక వంగితే ఏమీ చేయలేం.

ఈలోగా ఇనుము నూరుకున్నాను. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తాను: చెక్కపని నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు నూరడం నేర్చుకోవాలి. కొత్తగా మొదలుపెట్టిన స్నేహితులు నన్ను ఏ చిత్రిక కొనమంటావని అడుగుతారు. ఏదైనా కొనండి, మంచి సానరాయి కొనండి అంటాను. మొద్దు ఇనుముకు ఎక్కువ బలం పెడతాం, బలం పెట్టినప్పుడే చేయి జారుతుంది, గీత దాటుతుంది, వేలు తెగుతుంది. నా పద్ధతి మామూలుదే. ముందు ఇనుము వెనక ముఖం చదును చేయాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. వాలు 25 డిగ్రీలు. 1000 నంబరు రాయి మీద నీళ్ళు చల్లుతూ నూరితే, వెనకవైపు వేలు అడ్డంగా జరిపినప్పుడు సన్నటి గరుకు తగులుతుంది. అంచు పొడవునా ఆ గరుకు తగిలేదాకా ఆపకూడదు. మధ్యలో ఒక్క చోట తగలకపోయినా ఆ చోటు మొద్దుగా ఉన్నట్టే. తర్వాత కొద్దిగా పైకెత్తి 30 డిగ్రీలలో, ఇంకా నున్నటి 6000 రాయి మీద నాలుగైదు సార్లు లాగి, వెనక గరుకు తీసేసి, చివర తోలు ముక్క మీద సాన. టేకులో ఇసుకలో ఉండే పదార్థమే, సిలికా, ఉంటుంది. ఇనుము త్వరగా మొద్దుబారుతుంది. ఆ రెండు పలకలు చదును చేయడానికి నేను చిత్రిక ఇనుము ఏడుసార్లు నూరాను. తాత ఇప్పటికీ ఒకే పాత నూనెరాయి వాడతాడు. డిగ్రీలు అడిగితే నవ్వుతాడు. ఆయన మణికట్టులో ఉన్నాయి ఆ డిగ్రీలు.

చిత్రిక పట్టేటప్పుడు ముందు పలక పక్క అంచు చూడాలి. నారలు ఏ వైపు పైకి లేస్తున్నాయో ఆ వైపుకే తోయాలి. పిల్లి వీపు నిమిరినట్టే. ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి. నా పలకల్లో ఒకచోట చిన్న కణుపు ఉంది. దాని ముందు నారలు ఒక దిక్కు, దాటాక మరో దిక్కు. అక్కడ చిత్రికను ఏటవాలుగా తిప్పి, ఇనుము వీలైనంత లోపలికి జరిపి, కాగితం పలచన పొట్టు వచ్చేలా రెండు వైపుల నుంచీ కణుపు దాకా వచ్చి ఆగాను. ఎనభై ఏళ్ళు మూసి ఉన్న ముఖం మీద మొదటి పొట్టు లేచినప్పుడు వచ్చిన వాసన కొత్త తోలు చెప్పుల వాసనకు దగ్గరగా ఉంటుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. “మా పెళ్ళికి రంగులు వేసే ముందు తలుపులు గీకించినప్పుడు ఇల్లంతా ఇదే వాసన” అంది.

రెండు పలకలనూ పుస్తకం తెరిచినట్టు పరిచాను. ఒకే దుంగలో పక్కపక్కనే ఉన్న ముఖాలు కనుక రేఖలు అటూ ఇటూ అద్దంలో చూసినట్టు కలుస్తాయి. 45 సెంటీమీటర్ల చొప్పున కోసి అంచులు అతకాలి. అతుకు కోసం అంచులు లంబంగా ఉండాలని అందరూ కష్టపడతారు. దానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. పుస్తకం మూసినట్టు రెండు పలకలనూ ముఖానికి ముఖం కలిపి, రెండు అంచులూ పైకి వచ్చేలా వైస్‌లో బిగించి, కలిపి ఒకేసారి చిత్రిక పట్టాలి. మన చేయి ఒక డిగ్రీ పక్కకు వాలినా పరవాలేదు. ఒక పలకకు 91 వస్తే రెండోదానికి 89 వస్తుంది. తెరిచి ఆనిస్తే 180 అవుతుంది, పలక చదునుగా నిలుస్తుంది. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నేను పాత ముక్కల మీద నాలుగు అతుకులు ఊరికే చేసి చూసుకున్నాను. రెండు అంచులూ ఆనించి దీపం ముందు పట్టుకుంటే వెలుతురు రాకూడదు. రాలేదు.

టేకులో నూనె ఉంటుంది, పైకి తేలితే బంక పట్టనివ్వదు. అందుకే చిత్రిక పట్టిన గంటలోపే, అసిటోన్‌తో ఒకసారి తుడిచి, ఆరగానే బంక పూసి మూడు క్లాంపులు బిగించాను. మర్నాటి దాకా ముట్టుకోలేదు.

ఇక కాళ్ళు. మొదటి పీట ఓడిపోయింది ఇక్కడే. ఈసారి కాళ్ళ పలకల్లో నారలు నిలువుగా ఉండేలా పెట్టాను. అంటే పై పలక ఏ దిక్కున ఉబ్బుతుందో కాలి పలక కూడా ఆ దిక్కునే ఉబ్బుతుంది. రెండూ కలిసి సాగుతాయి, కలిసి ముడుచుకుంటాయి. ఒకదాన్నొకటి లాగవు. ఇలా చేయాలంటే మిగిలిన పలకల్లోంచి పదమూడున్నర సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోసి, రెండేసి పక్కపక్కన అతికించి, 26 సెంటీమీటర్ల వెడల్పు కాళ్ళు రెండు తయారుచేయాలి. అడ్డంగా ఒకే ముక్క పెట్టేస్తే పదినిమిషాల పని, ఇలా చేస్తే ఒక ఆదివారం. నాకు ఆ ఆదివారం ఎక్కువ కాదు.

ఒక్కో కాలికి పైన రెండు కుసులు, అంటే నాలుకల్లా పొడుచుకొచ్చిన కొసలు. అవి పై పలకలోని బెజ్జాల గుండా దూరి పైకి కనబడతాయి. గీతలు పెన్సిలుతో కాకుండా సన్నటి కత్తితో గీశాను. కత్తి గీతలో ఉలి అంచు తనంతట తాను కూర్చుంటుంది, పక్కకు పోదు. రంపం మాత్రం గీత మీద నడవకూడదు, పారేసే వైపున గీతను ఆనుకుని నడవాలి. బెజ్జం సగం పై నుంచి, సగం కింది నుంచి తవ్వాలి. ఒకే వైపు నుంచి తవ్వితే రెండో ముఖం పగిలి పెచ్చు ఊడుతుంది. మూడు బెజ్జాలు బాగా వచ్చాయి. నాలుగో దాంట్లో ఉలి కొద్దిగా వాలింది, వెంట్రుక మందం సందు మిగిలింది. ఆ సందు నాకు ఇప్పటికీ కనబడుతుంది. అమ్మకు కనబడదు. అయినా తర్వాత చేయబోయే పీటలో అది ఉండకూడదని నా పట్టుదల.

కుసులు ఊడకుండా కొసల్లో రంపపు గాటు పెట్టి, అందులో ఒక వైపు మందంగా మరో వైపు పలచగా ఉన్న చీల కొట్టాలి. చీల ఏ దిక్కున కొట్టాలన్నది చాలా ముఖ్యం. పై పలక రేఖలకు అడ్డంగా కొట్టాలి. అప్పుడు కుసి విచ్చుకుని పలకను నారల పొడవునా నెడుతుంది, అటు చెక్క ఎంత నెట్టినా తట్టుకుంటుంది. రేఖల వెంట కొడితే అదే చీల కట్టెలు కొట్టే గొడ్డలి పని చేస్తుంది. కొయ్య సుత్తితో ఒక్కో దెబ్బ వేస్తుంటే చప్పుడు మారుతుంది. మొదట డబడబ, తర్వాత గట్టిపడుతూ వచ్చి ఒక దెబ్బకు రాయిని కొట్టినట్టు ఖంగుమంటుంది. అక్కడ ఆపాలి. ఆ చప్పుడు ఫోనులో విని, ఎక్కడ ఆపాలో తాత చెప్పాడు. “ఇంకొకటి... ఇంకొకటి... చాలు” అన్నాడు.

రెండు కాళ్ళ మధ్య ఒక అడ్డకర్ర కూడా ఉంది, పీట ముందుకూ వెనక్కూ ఊగకుండా. పైన అవిసె నూనె మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య రెండు రోజులు. ఒక్క హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటకు పోక నిప్పు అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. గుడ్డను దండెం మీద విప్పి ఆరేసి, బిరుసెక్కాక పారేయండి.

శ్రావణ శుక్రవారం నాడు పీట వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ కూర్చోవడానికి ముందు ఒక క్షణం ఆగింది. వంగి చేత్తో తాకి, ఆ చేయి కళ్ళకద్దుకుని కూర్చుంది.

మూడో పలకను నేను ముట్టుకోలేదు. గుంటా, పసుపూ, పగుళ్ళూ అన్నీ అలాగే ఉన్నాయి. అమ్మ దాన్ని బాల్కనీలో నా పని బల్ల పక్కన గోడకు ఆనించి నిలబెట్టించింది. పడిపోకుండా అడుగున చిన్న చెక్క ఒకటి పెట్టాను, మేకు కొట్టలేదు. ప్రతి శుక్రవారం ఉదయం నేను లేచేసరికి దానికి కొత్త పసుపు రాసి ఉంటుంది, పక్కన బల్ల మీద నిన్నటి చిత్రిక పొట్టు ఊడ్చి ఉంటుంది.